ముందు బయలుదేరినవారికే అంతా దక్కుతుందా?

ప్రశ్న: నేనూ నా మిత్రుడూ కలిసి చిన్న వ్యాపారాల జమాఖర్చులు చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేస్తున్నాము. పని చివరి దశలో ఉండగా, మరో సంస్థ ఏడాది క్రితమే అలాంటిది విడుదల చేసిందని తెలిసింది. మార్కెట్ మొదట వచ్చినవారిదేనని, మనం ఎంత శ్రమపడినా వెనకబడే ఉంటామని నా మిత్రుడు అంటున్నాడు. ఇక్కడితో ఆపేయడం మంచిదా?

జవాబు: మీ మిత్రుడు రెండు వేర్వేరు విషయాలను కలిపి చూస్తున్నారు. మార్కెట్లోకి మొదట అడుగుపెట్టడం ఒకటి, అక్కడ మొదట పట్టు సాధించడం మరొకటి. పీటర్ గోల్డర్, జెరార్డ్ టెలిస్ అనే పరిశోధకులు 1993లో ప్రచురించిన అధ్యయనంలో 50 రకాల ఉత్పత్తుల చరిత్రను తిరగేశారు. అంతకుముందు ఇటువంటి అధ్యయనాలు చాలావరకు బతికి ఉన్న సంస్థలనే లెక్కించేవి కనుక మొదట వచ్చినవారి బలం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించేది. వీరు మూతపడినవాటిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అప్పుడు తేలిందేమిటంటే, రంగాన్ని ప్రారంభించిన సంస్థల్లో 47 శాతం విఫలమయ్యాయి, వాటి మార్కెట్ వాటా సగటున 10 శాతం మాత్రమే. ఉత్పత్తి ఊపందుకునే దశలో నాయకత్వం చేజిక్కించుకున్న సంస్థలు, మొదట వచ్చినవాటికన్నా సగటున 13 ఏళ్లు ఆలస్యంగా దిగినవి.

వీడియో క్యాసెట్ల చరిత్రలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. సోనీ సంస్థ 1975లో బీటామాక్స్ అనే వీడియో రికార్డింగ్ పద్ధతిని తెచ్చింది, జేవీసీ అనే మరో సంస్థ మరుసటి ఏడాది దానికి పోటీగా వీహెచ్ఎస్‌ను తెచ్చింది. సోనీ తొలి క్యాసెట్‌లో గంటసేపు మాత్రమే రికార్డు చేయగలిగేవారు, అంటే ఒక పూర్తి సినిమా అందులో పట్టేది కాదు. వీహెచ్ఎస్‌లో రెండు గంటలు పట్టేది. పైగా జేవీసీ తన పద్ధతిని ఇతర తయారీదారులకు ధారాళంగా ఇచ్చింది. ఆ యంత్రాలు ఎక్కువ ఇళ్లలోకి చేరిన కొద్దీ, క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణాలు ఆ రకం క్యాసెట్లనే ఎక్కువగా ఉంచసాగాయి. దుకాణాల్లో అవే దొరుకుతున్నాయి కనుక కొత్తగా కొనేవారు కూడా ఆ యంత్రాన్నే ఎంచుకున్నారు. చివరికి 1988లో సోనీ కూడా వీహెచ్ఎస్ యంత్రాల తయారీ మొదలుపెట్టింది. ఏడాది ముందు రావడం సోనీని కాపాడలేదు. అయితే ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలయ్యాక, ముందున్న వీహెచ్ఎస్‌ను ఎవరూ ఆపలేకపోయారన్నది కూడా అంతే నిజం.

అలాంటి పట్టు ఎంతకాలం నిలుస్తుందో తెలియాలంటే మీ కంప్యూటరు కీబోర్డును చూస్తే చాలు. ఆ అక్షరాల వరుస 1874లో అమ్మకానికి వచ్చిన రెమింగ్టన్ టైపురైటరుతో వ్యాప్తిలోకి వచ్చింది. టైపు నేర్చుకునేవారు ఆఫీసుల్లో ఉన్న యంత్రం మీదే నేర్చుకున్నారు, ఆఫీసులు టైపిస్టులకు వచ్చిన యంత్రాన్నే కొన్నాయి. 1936లో ఆగస్ట్ డ్వొరాక్ వేగంగా టైపు చేయవచ్చంటూ మరో అమరికకు పేటెంటు తీసుకున్నా అది నిలదొక్కుకోలేదు. డ్వొరాక్ అమరిక నిజంగా అంత మెరుగైనదా అన్నదానిపై ఆర్థికవేత్తల మధ్య వివాదం ఉంది. దాని సంగతి ఎలా ఉన్నా, అలవాటు పడిన చేతులను మళ్లించడం ఎంత కష్టమో మాత్రం ఈ చరిత్ర చెబుతుంది.

ఇక మీ విషయానికి వద్దాం. జమాఖర్చుల సాఫ్ట్‌వేర్‌లో పోటీదారు బలం ఎక్కడుందో పరిశీలించండి. ఏడాదిగా వాడుతున్నవారు దాన్ని వదిలి రావాలంటే పాత ఖాతాలన్నీ మార్చుకోవాలి, ప్రతి ఖాతాకు ఓపెనింగ్ బ్యాలెన్సు మళ్లీ నమోదు చేయాలి, అకౌంటెంటుకు కొత్త పద్ధతి నేర్పించాలి. ఇంత తలనొప్పి ఎవరూ కోరి తెచ్చుకోరు కనుక, వారిని లాక్కోవడానికి మీ తొలి శక్తినంతా ఖర్చు చేయడం వృథా. కానీ ఇప్పటికీ పుస్తకాల్లోనే లెక్కలు రాసుకుంటున్న వ్యాపారులకు, కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవారికి ఆ బంధనం లేదు. వారి దగ్గర మీ పోటీదారుకూ మీకూ తేడా ఏమీ లేదు. ముందుగా అక్కడికి వెళ్లండి. ఆర్థిక సంవత్సరం ముగిసి కొత్త లెక్కలు తెరిచే సమయంలో పాత వినియోగదారులు కూడా మారడానికి సిద్ధపడతారు కాబట్టి, పాత ఖాతాలను ఒక్కసారిగా తెచ్చుకునే సదుపాయాన్ని అప్పటికి సిద్ధం చేసుకోండి. ఒక ముఖ్యమైన హెచ్చరిక కూడా చేయాలి. పోటీ సంస్థ సాఫ్ట్‌వేర్ ద్వారా వ్యాపారులు ఒకరికొకరు బిల్లులు, చెల్లింపులు నేరుగా పంపుకునే ఏర్పాటు ఉండి, అది ఇప్పటికే వాడుకలో బలపడి ఉంటే, ప్రతి కొత్త వినియోగదారు ఆ వలయాన్ని మరింత బిగిస్తాడు. అటువంటి పరిస్థితిలో మీ మిత్రుడి భయానికి ఆధారం ఉన్నట్టే. అప్పుడు అదే సాఫ్ట్‌వేర్ పట్టించుకోని ఏదో ఒక వ్యాపార వర్గానికి పరిమితమై, అక్కడ మీరే ముందుండటం తెలివైన మార్గం.

ప్రశ్న: నేను చేసిన తొలి ప్రయత్నమే విఫలమైంది, నాతోపాటు అదే పని మొదలుపెట్టినవారికి వెంటనే పేరు వచ్చింది. తొలి గెలుపు ప్రతిభకు గుర్తా, అదృష్టమా?

జవాబు: రెండూ ఉంటాయి, కానీ అదృష్టం పాలు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో పెద్దగా పేరు రాని బృందాలు పాడిన 48 పాటలను 14 వేల మందికి పైగా శ్రోతల ముందుంచారు. వారిని వేర్వేరు గుంపులుగా విడదీసి, కొన్ని గుంపులవారికి తమ గుంపులో ఏ పాటను ఎందరు డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా చేశారు. చాలా మంచి పాటలు అరుదుగా తప్ప అడుగున పడలేదు, బాగా చెడ్డవి అరుదుగా తప్ప పైకి రాలేదు. మధ్యస్థంగా ఉన్న పాటల గతి మాత్రం గుంపుకొక రకంగా ఉంది. ఒక గుంపులో మొదట నలుగురు ఎంచుకున్న పాట ఇంకా పైకి పోయింది, అదే పాట మరో గుంపులో మరుగునపడింది. మీ తోటివారిలో కొందరికి ఇలాంటి తొలి ఊపే దక్కి ఉండవచ్చు.

ఈ ఊపును కొంతవరకు మనమే కల్పించుకోవచ్చు. ప్రజల నుంచి విరాళాలు సేకరించే కిక్‌స్టార్టర్ వేదికపై ఆర్నౌట్ వాన్ డె రైట్, ఆయన సహచరులు చేసిన పరీక్ష 2014లో వెలువడింది. విరాళాలు ఇంకా రాని 200 ప్రాజెక్టులను తీసుకుని, చీటీలు తీసినట్టు ఎంచిన సగం ప్రాజెక్టులకు తామే చిన్న విరాళం ఇచ్చారు. ఏమీ ఇవ్వనివాటిలో 39 శాతానికి ఇతరుల నుంచి విరాళాలు రాగా, తొలి విరాళం అందుకున్నవాటిలో 70 శాతానికి వచ్చాయి. తొలి సాయాన్ని పెంచితే ఫలితం అదే నిష్పత్తిలో పెరగలేదన్నది కూడా గమనించదగ్గది. అంటే, సున్నా నుంచి ఒకటికి చేరడంలోనే ఎక్కువ లాభం ఉంది. మీ తర్వాతి ప్రయత్నాన్ని అందరి ముందు పెట్టేముందు, దాన్ని నిజంగా మెచ్చి, ఆ మాట నలుగురికీ చెప్పగల కొద్దిమందిని సంపాదించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయిని తోటి పిల్లలకన్నా ఏడాది ముందే బడిలో వేస్తే జీవితంలో ఏడాది కలిసివస్తుందని బంధువులంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: నేను వద్దనే అంటాను. కెనడాలో బాలల ఐస్ హాకీ జట్లకు వయసును జనవరి 1 నుంచి లెక్కిస్తారు. ఉన్నత స్థాయికి ఎదిగిన ఆటగాళ్లలో ఏడాది తొలి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా ఉన్నారని రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు 1985లో చూపించారు. జనవరిలో పుట్టిన పిల్లవాడు డిసెంబరులో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద, చిన్న వయసులో అది ఒడ్డూ పొడుగులో స్పష్టంగా కనిపించే తేడా. శిక్షకుడు ఆ పెరుగుదలను ప్రతిభగా భావించి అతణ్ణి ఎంచుకుంటాడు, ఎంపికైనవాడికి మంచి శిక్షణ, ఎక్కువ ఆట దొరుకుతాయి, కొన్నేళ్లకు లేని ప్రతిభ నిజంగానే ఉన్నదవుతుంది. మీ అబ్బాయిని ముందుగా చేర్పిస్తే తరగతిలో అందరికన్నా చిన్నవాడవుతాడు. మీరు ఇవ్వాలనుకున్న ముందంజ ఇతర పిల్లల చేతికి వెళ్తుంది.

ప్రశ్న: నాన్నగారి అనారోగ్యం వల్ల చదువు ఆగి, ఆలస్యంగా పూర్తిచేసి, 29వ ఏట తొలి ఉద్యోగంలో చేరాను. నా స్నేహితురాళ్లు అప్పటికే రెండో మెట్టు ఎక్కారు. ఆలస్యం అమృతం విషం అని కొందరు, నిదానమే ప్రధానం అని కొందరు అంటుంటే ఏది నమ్మాలో తెలియడం లేదు. ఈ దూరం ఎప్పటికైనా తగ్గుతుందా?

జవాబు: మీ బాధ్యతను నెరవేర్చి వచ్చారు, ముందుగా అందుకు మీ పట్ల నాకు గౌరవం కలిగింది. రెండు సామెతలూ నిజమే, కానీ అవి వేర్వేరు పనులకు వర్తిస్తాయి. ఉద్యోగంలో దూరం తగ్గుతుంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో చదువు ముగించుకున్న కెనడా పురుష పట్టభద్రుల సంపాదనను ఓరియోపౌలోస్, వాన్ వాక్టర్, హైస్ అనే ఆర్థికవేత్తలు 2012లో విశ్లేషించారు. తొలి ఏళ్లలో వారి ఆదాయం సుమారు 9 శాతం తక్కువగా ఉన్నా, ఐదేళ్లలో ఆ లోటు సగమైంది, పదేళ్లకు దాదాపు పోయింది. మీ పరిస్థితి సరిగ్గా అదే కాదు, కానీ వారు కోలుకున్న దారి మీకూ తెరిచే ఉంది. మెల్లగా మెరుగైన సంస్థలకు మారుతూ వారు పైకి వచ్చారు. తొలి సంస్థ మీద కృతజ్ఞతతో అక్కడే ఉండిపోకండి, రెండు మూడేళ్లలో పని మీద పట్టు వచ్చాక బయట అవకాశాలు చూడండి.

సొంత వ్యాపారం ఆలోచన కూడా ఉంటే, వయసు గురించిన బెంగ అక్కడ అసలే అక్కరలేదు. అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కొత్త సంస్థలను, అంటే వెయ్యింటికి ఒకటి చొప్పున, పియరీ అజూలే బృందం పరిశీలించగా, వాటి స్థాపకుల సగటు వయసు 45 ఏళ్లని 2020లో వెలువడిన వారి పరిశోధన చెబుతోంది.

ఆలస్యం నిజంగా విషమయ్యేది పొదుపులో. ఏటా 8 శాతం రాబడి వచ్చి అసలులో కలుస్తూ ఉంటుందని అనుకుందాం. ఒకరు 25వ ఏట మొదలుపెట్టి ఏడాదికి ఒక వంతు (ఎంతైనా సరే, ఏటా ఒకే మొత్తం) చొప్పున పదేళ్లు మాత్రమే దాచి, తర్వాత ఏమీ వేయకుండా వదిలేస్తే 65వ ఏటికి దాదాపు 157 వంతులవుతుంది. మరొకరు 35వ ఏట మొదలుపెట్టి ముప్పై ఏళ్లపాటు అదే వంతు దాచినా చేతికందేది సుమారు 122 వంతులే. మూడు రెట్లు ఎక్కువగా దాచినవారికి తక్కువ వస్తుంది. మీరు ఈ రెండు వయసుల మధ్య ఉన్నారు. తొలి జీతం చిన్నదైనా, జీతం పెరిగాక దాద్దామని వాయిదా వేయకుండా ఈ నెల నుంచే అందులో కొంత పక్కన పెట్టండి, జీతం పెరిగిన ప్రతిసారీ ఆ మొత్తాన్ని కూడా పెంచుకుంటూ రండి.