మే నెల ఎండలో పెరటి చెట్ల కొమ్మలు కొట్టవచ్చా?

ప్రశ్న: మా పెరట్లో రెండు మామిడి చెట్లు, ఒక వేప, నిమ్మ, మునగ, వెనక గోడ పక్కన జమ్మి ఉన్నాయి. మా అబ్బాయి దుబాయ్‌లో తోటపని చేస్తాడు. ఇప్పుడు సెలవు మీద వచ్చాడు, జూన్ 20న తిరిగి పోతాడు. ఈలోపు ఇంట్లో అందరం కలిసి చెట్లన్నీ బాగా దిగగొట్టి పెరడు శుభ్రం చేద్దామంటున్నాడు. అక్కడ ఇంతకంటే పెద్ద ఎండల్లో కూడా కత్తిరిస్తూనే ఉంటారట. వేప కొమ్మ ఒకటి రేకుల కొట్టం మీదికి వంగింది. నిరుడు వానకాలంలో వేప కొసలన్నీ ఎండిపోయాయి, చెట్టు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక మహిళా రైతు, రాయికల్ మండలం, జగిత్యాల జిల్లా

సలహా: అమ్మా, మామిడి, నిమ్మ చెట్ల పచ్చి కొమ్మల మీద ఇప్పుడు కత్తి పెట్టించకండి. మిరుగం (మృగశిర కార్తె) వచ్చి, నేల తడిసేలా ఒకటి రెండు మంచి వానలు పడ్డాక ఆ పని మొదలుపెట్టండి. మీ అబ్బాయి వెళ్లేలోపు వారం పది రోజులు దొరికితే చాలు, రెండు మామిడి చెట్లకు అది సరిపోయే సమయం.

మీ అబ్బాయి చూసింది అబద్ధం కాదు. కానీ అక్కడి తోటల్లో ఎక్కువగా ఉండేది ఖర్జూరం. అది మన ఈత, తాటి జాతి చెట్టు. దానికి పెరిగే మొవ్వు ఒక్కటే, తల మీద ఉంటుంది. కింద ఎండిన మట్టలు తీసేస్తే చెట్టుకు నష్టం లేదు. ఇక రోడ్ల పక్కన కత్తిరించే కంచె మొక్కలకు డ్రిప్ నీళ్లు అందుతుంటాయి కాబట్టి మళ్లీ చిగురిస్తాయి. కొమ్మలతో గొడుగులా విస్తరించే మామిడి సంగతి వేరు. ఆ గొడుగు తీసేస్తే, అంతవరకు నీడలో ఉన్న లేత బెరడు మీద 44, 45 డిగ్రీల ఎండ నేరుగా పడుతుంది. ముఖ్యంగా పడమటి వైపు బెరడు మాడి, పగిలి, పెచ్చులుగా లేస్తుంది. ఆ పగుళ్లలోనే కాండం తొలుచు పురుగు గుడ్లు పెడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో చెట్టును బోడి చేసి, రెండు మూడేళ్ల తర్వాత మాను లోపల డొల్లయిందని బాధపడే ఇళ్లను మీ వైపే చాలా చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అసలు ఎడారి ప్రాంతాల రైతులు కూడా కొమ్మలు కొట్టడానికి కాలం చూసుకుంటారు. మీ వెనక గోడ పక్కనున్న జమ్మినే తీసుకోండి. మన రాష్ట్ర వృక్షం జమ్మి, మీ అబ్బాయి అక్కడ రోజూ చూసే ‘గాఫ్’ చెట్టు ఒకటే జాతి. గాఫ్ ఆ దేశపు జాతీయ వృక్షం. రాజస్థాన్ రైతులు ఇదే చెట్టు మండలను మేకలకు, ఒంటెలకు కొడతారు, అదీ చలికాలంలోనే. వేర్లు ఎంతో లోతుకు పోయే చెట్టుకే ఆ జాగ్రత్త తీసుకుంటున్నారంటే మామిడి మాట చెప్పాలా? మీ జమ్మిని మాత్రం దసరా దాటేదాకా ముట్టుకోకండి, ఆ తర్వాత చలికాలంలో అడ్డమొచ్చిన కొమ్మలు తీయించండి.

కొట్టం మీదికి వంగిన వేప కొమ్మను మాత్రం ఆపవద్దు. మే నెల గాలిదుమారాలకు అది విరిగితే రేకులు పోతాయి, కింద పశువులుంటే ప్రాణాలకే ముప్పు. దాన్ని ఈ వారమే తీయించండి. కరెంటు తీగకు దగ్గరగా ఉంటే మీరెవరూ ఎక్కవద్దు. 1912కు ఫోన్ చేసి గానీ లైన్‌మన్‌కు చెప్పి గానీ సరఫరా ఆపించాకే పని. ఇనుప, అల్యూమినియం నిచ్చెనలు అక్కడికి తేవద్దు.

పెద్ద కొమ్మను ఒకేసారి పైనుంచి కోస్తే సగం తెగగానే బరువుకు చీలి, మాను బెరడును కూడా ఊడబెరుక్కుని కింద పడుతుంది. మానుకు అడుగు దూరంలో ముందు కింది వైపు నుంచి మూడో వంతు లోతు రంపంతో కోయండి. దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా రాలుతుంది. మిగిలిన మోడును కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే మెడ దగ్గర తీసేయండి. ఆ మెడను చెక్కేయకూడదు, పొడుగు మోడూ వదలకూడదు. మెడ నుంచే చెట్టు గాయాన్ని మూసుకుంటుంది. గొడ్డలితో నరికితే ఇదేదీ కుదరదు, రంపమే వాడండి.

కోసిన చోట అదే రోజు బోర్డో పేస్టు పూయండి. ఇంట్లోనే చేసుకోవచ్చు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి, రెండూ కలపండి. ఇనుప పాత్రలు వద్దు. కలిపాక ఒక ఇనుప కత్తిని కాసేపు ముంచి చూడండి. దానిమీద ఎర్రటి పూత పడితే ఇంకాస్త సున్నం వేయాలి. కొమ్మ తీసేయడంతో ఎండ తగిలే మాను భాగానికి సున్నం పూత కూడా వేస్తే బెరడు మాడదు.

వేప కొసలు ఎండిపోవడం ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. 2021 నుంచి తెలంగాణలో చాలా ఊళ్లలో కనిపిస్తోంది. వానకాలంలో కొసలు మాడి చెట్టు చచ్చినట్టే కనబడుతుంది కానీ, ఎక్కువ చెట్లు మళ్లీ చిగురిస్తాయి. ఇప్పుడు మీ చెట్టుకు పచ్చని ఆకు ఉందంటే భయపడే పనిలేదు. అందినంత వరకు ఎండు పుల్లలు తీసి కాల్చేయండి, ఆ కత్తిని స్పిరిట్‌తో తుడిచాకే మరో చెట్టుకు వాడండి. చెట్టునే కొట్టేద్దామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. దానికి నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి కూడా అవసరం పడవచ్చు.

మామిడికి కాయ కోత అయ్యాక లోపలికి పెరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి, ఎండినవి తీసి, నడిమధ్యకు వెలుతురు పడేలా చేయండి. మొత్తం గుబురులో నాలుగో వంతుకు మించి ఒక్క ఏడాదిలో తీయవద్దు. వానలు ఆలస్యమై మీ అబ్బాయి వెళ్లిపోతే జూలైలో మనిషిని పెట్టి చేయించండి. ఆగస్టు దాటితే ఆపేయండి. ఆలస్యంగా వచ్చిన చిగురు ముదరక, డిసెంబరు, జనవరిలో పూత రాదు.

నిమ్మకు ఎండు పుల్లలు, అడుగు నుంచి నిటారుగా లేచే నీటి కొమ్మలు తీస్తే చాలు. మునగ ఒక్కటి ఈ ఎండలకూ ఓర్చుకుంటుంది. కాయలు అయిపోయి ఉంటే నేల నుంచి మూడు అడుగుల ఎత్తులో కోసి, నీళ్లు పెడుతుండండి. నాలుగైదు నెలల్లో మళ్లీ కాయలు వస్తాయి.

సెలవులో ఖాళీగా ఉండలేనంటే మీ అబ్బాయికి ఇప్పుడు చేయదగ్గ మంచి పని ఉంది. మామిడి గొడుగు అంచు కింద చుట్టూ పాదు తీసి, అక్కడే నీళ్లు పెట్టి, రాలిన ఆకును పరచమనండి. నీళ్లు పీల్చుకునే సన్న వేర్లు మాను మొదట్లో కంటే ఆ అంచు దగ్గరే ఎక్కువ. మానుకు అడుగు దూరం ఖాళీ వదలాలి, లేకపోతే చెదలు పడతాయి. దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా బయట పని చేయించకూడదన్న నియమం ఉందని ఆయనకు తెలుసు. మీ పెరట్లో మాత్రం ఉదయం 9 దాటాక ఎవరూ ఎండలో ఉండకండి.