డ్యామేజ్ లేని కార్డుకి అంత భయమెందుకు? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: అన్నా నమస్తే. మాది అనంతపురం. సప్తగిరి సర్కిల్ దగ్గర మా ఫ్రెండ్ వాళ్ల మిద్దె మీద ఆదివారమొస్తే కూచోని మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడతాం. మొన్న ఒకడు ఓకో, థీఫ్ ఆఫ్ క్రౌన్స్ అనే కార్డు తెచ్చినాడు. దాంట్లో డ్యామేజ్ అన్న మాటే లేదు. నా దగ్గరుండే కొలాసల్ డ్రెడ్‌మా అనే క్రీచర్ (మన తరఫున కొట్లాడే జీవి) 6/6, అంటే కొట్టే బలం 6, తట్టుకునే బలం 6, పైగా ట్రాంపుల్ (అడ్డమొచ్చిన క్రీచర్‌ని దాటి మిగిలిన దెబ్బ ఎదుటోడికి తగలడం) కూడా ఉంది, నాకైతే అదే గట్టి కార్డనిపిస్తాది. వాడేమో ఓకోని చానా ఫార్మాట్లలో (ఏ కార్డులు ఆడొచ్చో వేరువేరుగా ఉండే ఆట రకాలు) బ్యాన్ చేసినారంటాడు. నిజమేనా? అసలు ఒక కార్డు పవర్‌ఫుల్లా కాదా అనేది ఎట్లా చూడల్ల?

జవాబు: నిజమే తమ్ముడూ. ఓకో 2019 అక్టోబర్‌లో థ్రోన్ ఆఫ్ ఎల్డ్రైన్ సెట్‌తో వచ్చింది, నవంబర్ 18కల్లా స్టాండర్డ్ ఫార్మాట్‌లో బ్యాన్ అయిపోయింది. తర్వాత పయొనీర్, మోడర్న్ ఫార్మాట్లలో, 2021లో లెగసీలో కూడా. ఇన్ని చోట్ల తలుపేసినారంటే దాంట్లో ఏముందో చూడాల్సిందే.

నువ్వు కార్డు కింద మూలనుండే 6/6 చూస్తున్నావు, నేను పైన మూలనుండే ఖర్చు చూస్తాను. మన అనంతపురంలో చెనక్కాయ ఎన్ని మూటలైందని మాత్రమే అడగరు, పెట్టుబడి ఎంతైందని కూడా అడుగుతారు కదా, ఇదీ అంతే. డ్రెడ్‌మాకి ఆరు మానా (కార్డు వెయ్యడానికి కట్టే ఖర్చు, మామూలుగా టర్న్‌కొకటి వేసే లాండ్ కార్డులు ఇస్తాయి), అంటే మామూలుగా ఆరో టర్న్ దాకా అది నీ చేతిలోనే ఉంటాది. ఓకోకి మూడే. మొదటి టర్న్‌లో గిల్డెడ్ గూస్ అనే క్రీచర్ పడితే దాంతో వచ్చే ఫుడ్ టోకెన్‌ని (డెక్‌లోది కాదు, కార్డు పనితో టేబుల్ మీద పుట్టేది) మానాగా మార్చుకోని రెండో టర్న్‌లోనే ఓకో దిగిపోతాడు.

దిగినాక ఏం జరుగుతాదో ఒక్కో టర్న్ చూడు. ఓకో ప్లేన్స్‌వాకర్, అంటే టర్న్‌కి ఒక పని చేసిపెట్టే కార్డు. లాయల్టీ (అతని ప్రాణం లాంటి లెక్క, చేసే పని పక్కనుండే అంకెని బట్టి పెరుగుతాది, తగ్గుతాది) 4తో వస్తాడు, వచ్చిన టర్న్‌లోనే +2 వాడితే ఒక ఫుడ్ టోకెన్, లాయల్టీ 6. తర్వాతి టర్న్ +1, ఆ ఫుడ్ 3/3 ఎల్క్ (దుప్పి లాంటి జంతువు) క్రీచర్ అయిపోతాది, అది పోయిన టర్న్ నుంచే టేబుల్ మీద ఉంది కాబట్టి అప్పుడే అటాక్‌కి కూడా పోతాది, లాయల్టీ 7. మామూలుగా ప్లేన్స్‌వాకర్‌తో గట్టి పని చేయించుకోవాలంటే లాయల్టీ తగ్గించుకోవాల, ఇతనికి రెండు మంచి పనులూ లాయల్టీ పెంచేవే, నా లెక్కలో ఈ కార్డులో అసలు విషం ఇక్కడే ఉంది. అందరూ కింద రాసుండే −5ని చూసి, మన క్రీచర్‌ని తీసుకోని తనదొకటి ఇస్తాడంట అని భయపడతారు, కానీ గేమ్‌ని నలిపేసేది ఆ +1.

ఎందుకంటే అది వాడి ఫుడ్ మీదే కాదు, నీ క్రీచర్ మీద కూడా పనిచేస్తాది, ఆర్టిఫ్యాక్ట్ (వస్తువు కార్డు) మీద కూడా. నువ్వు ఆరో టర్న్‌లో కష్టపడి డ్రెడ్‌మాని దించితే వాడు తన టర్న్‌లో +1 అంటాడు, ట్రాంపుల్ పోయి అదొక 3/3 ఎల్క్. ఇంకోటి చానామంది గమనించరు, దానికి ‘ఈ టర్న్ అయిపోయేదాకా’ అనే గడువు లేదు, నువ్వు తర్వాత ఓకోని చంపేసినా నీ డ్రెడ్‌మా తిరిగి రాదు, ఎల్క్‌గానే ఉండిపోతాది. ఆ +1ని ఎదుటివాళ్ల కార్డుల మీద వాడడాన్ని సరిగా అంచనా వెయ్యలేకపోయినామని తయారుచేసినవాళ్లే తర్వాత చెప్పినారు.

కాబట్టి కొత్త కార్డు చేతికొస్తే నేను అడిగే పెద్ద ప్రశ్న ఒకటే. ఎదుటోడు దీన్ని వెంటనే తీసేస్తే నాకేం మిగులుతాది? డ్రెడ్‌మాని రెండు మూడు మానా కార్డుతో చంపేస్తే నీకు సున్నా, పైగా ఆ టర్న్ అంతా పోయింది. ఓకోని వెంటనే తీసేసినా ఒక ఫుడ్డో, ఒక 3/3నో టేబుల్ మీద ఉంటాది. దాని తర్వాతే మిగతావన్నీ, వెనకబడినప్పుడు కూడా పనికొస్తాదా, మిగతా డెక్‌తో కలుస్తాదా అనేవి.

మైనస్ గుర్తు చూసి కూడా మోసపోవద్దు. 2004లో స్కల్‌క్లాంప్ అని ఒకటొచ్చింది, ఒక్క మానా ఎక్విప్‌మెంట్ (క్రీచర్‌కి తగిలించే వస్తువు), క్రీచర్‌కి +1/−1 ఇస్తాది. మైనస్ ఏంది, ఇది నష్టం కదా అనిపిస్తాది, కానీ ఆ క్రీచర్ చస్తే రెండు కార్డులు తీసుకోవచ్చు. టఫ్‌నెస్ (తట్టుకునే బలం) 1 ఉండే చిన్న గాబ్లిన్‌కి తగిలిస్తే అక్కడికక్కడే చస్తాది, అంటే ఎక్విప్ చేసే ఒక్క మానాకి రెండు కార్డులు, మళ్లీ ఇంకో గాబ్లిన్, మళ్లీ రెండు. అదే ఏడాది జూన్‌లో స్టాండర్డ్‌లో బ్యాన్ చేసినారు.

ప్రశ్న: మేం కడపలో నలుగురం కమాండర్ ఫార్మాట్ ఒక్కటే ఆడతాం. అక్కడా ఇదే లెక్కనా సార్?

జవాబు: లెక్క మారుతాదండీ. నూరు కార్డుల డెక్, బేసిక్ లాండ్లు తప్ప ఏదైనా ఒక్కటే కాపీ, లైఫ్ 40. ఒక్క మానాకి 3 డ్యామేజ్ కొట్టే లైట్నింగ్ బోల్ట్ ఇద్దరి ఆటలో బంగారం, ఇక్కడ నలభైలో మూడు పోతే ఎవరూ పట్టించుకోరు. ఓకో కమాండర్‌లో బ్యాన్ కాదు, ఒక టర్న్‌కి ఒక్క క్రీచర్‌నే మారుస్తాడు, ఎదురుగా ముగ్గురు ఉంటారు, ముగ్గురూ కలిసి అతని మీదికే అటాక్ పంపుతారు. స్కల్‌క్లాంప్‌కి కూడా ఇక్కడ అడ్డు లేదు, చిన్న టోకెన్ల డెక్ అయితే తప్పకుండా పెట్టుకోండి. ఒక మానా పెడితే ప్రతి టర్న్ రెండు మానా ఇచ్చే సోల్ రింగ్ సరేసరి, ఏ రంగు డెక్‌లోనైనా పడుతాది.

డబ్బు పెట్టేముందు ఒక పని చెయ్యండి. పేపర్ ముక్క మీద కార్డు పేరు, ఖర్చు, పని రాసి ఏదైనా లాండ్ ముందర స్లీవ్‌లో దోపి, మీ నలుగురూ ఒప్పుకుంటే నాలుగైదు వారాలు ఆడండి. టోర్నమెంట్లో అది ఒప్పుకోరు, ఇంట్లో ఆటకి ఇబ్బంది లేదు. చేతికొచ్చిన ప్రతిసారీ దాన్ని ముందే వెయ్యాలనిపించిందా, వేరేవాటి కోసం ఆగినారా అనేది మాత్రం గమనించండి. ఆగుతానే ఉంటే కొనొద్దు.