మలుపులో కాలు తీస్తే…

ప్రశ్న: 1980ల నాటి చిన్న కార్లలో ఒకటి కొనాలని చూస్తున్నాను. నా దృష్టిలో ఉన్నవి రెండో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ (ఎనిమిది వాల్వులది), ప్యూజో 205 జీటీఐ 1.9. అంకెలను బట్టి ప్యూజోయే మేలనిపిస్తోంది గాని, మలుపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే దాని వెనక భాగం పక్కకు జారుతుందని కొందరు భయపెడుతున్నారు. ఇందులో నిజమెంత? నడపడానికి ఏది మంచిది?

జవాబు: అంకెల విషయంలో మీరు పొరబడలేదు. కెటాలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే పరికరం) లేని ప్యూజోలో 1905 సీసీ ఇంజను 130 హార్స్‌పవర్ ఇస్తుంది, బండి బరువు సుమారు 880 కిలోలే. గోల్ఫ్‌లోని 1781 సీసీ ఇంజను ఇచ్చేది 112 హార్స్‌పవర్, అది లాగవలసిన బరువేమో 900 కిలోలకు పైమాటే. అయితే గోల్ఫ్ ఇంజను తన పూర్తి లాగుడును నిమిషానికి మూడు వేల పైచిలుకు చుట్ల దగ్గరే అందిస్తుంది కాబట్టి, మాటిమాటికీ గేరు మార్చనక్కర లేకుండా హాయిగా సాగిపోతుంది. ప్యూజోలో పూర్తి లాగుడు కోసం ఇంజనును ఇంకా వేగంగా తిప్పాలి. నిలిచి ఉన్న బండిని పరుగెత్తించడంలో మాత్రం ప్యూజోదే పైచేయి.

అసలు తేడా ఇంజనులో కాదు, వెనక చక్రాల తీరులో ఉంది. మలుపు మధ్యలో కాలు తీసినప్పుడు ఏ కారులోనైనా బరువు ముందుకు ఒరుగుతుంది. ముందు టైర్లకు పట్టు పెరిగి, వెనక టైర్లకు తగ్గుతుంది. ప్యూజో వెనక భాగం అసలే తేలిక. పైగా ఆ కారు స్టీరింగ్‌కు వెంటనే స్పందించి చురుకుగా తిరగాలని సస్పెన్షన్‌ను అలాగే అమర్చారు. అందువల్ల వేగంగా తిరుగుతూ ఉన్నట్టుండి కాలు తీస్తే వెనక భాగం బయటికి జారుతుంది, తడి రోడ్డు మీద మరీ త్వరగా. చేయి తిరిగిన చోదకుడికి అదే ఆనందం. కంగారుపడి బ్రేకు కూడా తొక్కేవాడికి ప్రమాదం. కాబట్టి మీరు విన్నది కట్టుకథ కాదు, కానీ మామూలు వేగంలో ఎదురయ్యే సంగతీ కాదు.

గోల్ఫ్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ ముందు భాగమే మలుపు బయటికి వెళ్లజూస్తుంది. కాలు తీస్తే బుద్ధిగా దారిలోకి వస్తుంది. గట్టి మలుపులో దాని లోపలి వెనక చక్రం నేల విడిచి గాలిలోకి లేవడం చూసేవారికి గుండె దడ పుట్టిస్తుంది గాని, ఆ క్షణాన ఆ చక్రం మీద ఎలాగూ పెద్దగా బరువు ఉండదు కనుక హాని లేదు.

ఇలాంటి పాత కారు మీకిదే మొదటిదైతే నేను గోల్ఫ్‌నే సూచిస్తాను. స్టీరింగ్‌లో రోడ్డును వేళ్లతో తడిమినట్టు తెలియాలనుకుంటే ప్యూజో తీసుకోండి. కానీ కొనేముందు ఆ కారు వెనక నిలబడి చక్రాలను గమనించండి: వాటి పై అంచులు లోపలికి వాలి ఉంటే వెనక ఇరుసులోని బేరింగులు అరిగిపోయి ఉండవచ్చు. అలాంటి బండిని నడిపి చూసి, ప్యూజో మలుపులో ఎలా నడుస్తుందో నిర్ణయించకండి.