మండువా ఇంట్లో అతిథులు: సంక్రాంతి లెక్క చాలదు

ప్రశ్న: కోనసీమలో గౌతమి గట్టుకు దగ్గరగా మాకు తాతల నాటి మండువా లోగిలి, దాని చుట్టూ ఎకరం కొబ్బరితోట ఉన్నాయి. ఉద్యోగ విరమణ తరువాత నేనూ మా ఆవిడా హైదరాబాద్‌లోనే ఉంటున్నాము. కిందటి సంక్రాంతికి తెలిసినవారికి రెండు గదులు ఇస్తే మూడు రోజులకే మంచి డబ్బు వచ్చింది. 15 లక్షల రూపాయలతో ఇంటిని బాగు చేయించి, ఒక కుర్రవాణ్ణి కాపలా పెట్టి, ఏడాది పొడవునా నాలుగు గదులు అద్దెకు ఇవ్వాలన్నది మా ఆలోచన. మీ సలహా చెప్పగలరు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సంక్రాంతి రాబడిని ముందు లెక్కలోంచి తీసివేయండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం తరలివచ్చే ఆ రోజుల్లో కోనసీమలో అరుగు మీద చాప వేసి ఇచ్చినా కాదనేవారు ఉండరు. ఫిబ్రవరిలో ఒక మామూలు మంగళవారం మీ నాలుగు గదుల్లో ఎన్ని నిండుతాయో, ఆ లెక్క మీద 15 లక్షలు ఎన్నేళ్ళకు తిరిగి వస్తాయో చూసుకోండి.

మీ ఆలోచనలో నాకు నచ్చనిది కాపలా కుర్రవాడి సంగతి. పట్నం నుంచి పిల్లలతో వచ్చినవారు రాత్రి పదింటికి కరెంటు పోతే, నీళ్ళు రాకపోతే, పసివాడికి పాలు కావలసివస్తే పిలవగానే పలికే ఇంటిమనిషి కోసం చూస్తారు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపుకు కూడా యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించడం షరతు; అతిథులకు ఇచ్చే గదులు ఆరుకు మించకూడదు. కాబట్టి మీ దంపతుల్లో ఒకరైనా అక్కడ ఉండగలరా అన్నది ముందు తేల్చుకోండి.

ఇక ఇంటి సంగతి. పాత లోగిళ్ళలో మరుగుదొడ్డి పెరటి చివర ఉంటుంది. చీకట్లో టార్చిలైటు పట్టుకుని తోటలోకి నడవవలసివచ్చిన అతిథి మళ్ళీ మీ ఇంటికి రాడు. పాత దూలాలు, స్తంభాలు కదపకుండా, వెనుక వసారాలో గదికొకటి చొప్పున స్నానాలగది కట్టించండి. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువా మీద అద్దాలు మాత్రం బిగించవద్దు. నాలుగు వైపుల పెంకుల వాలు నుంచి వాన నడిమింట్లో పడి తూములోంచి పోతూ ఉంటే చూడాలనే కదా అంత దూరం వస్తారు! పైగా అద్దం కింద మధ్యాహ్నానికి ఇల్లు కొలిమి అవుతుంది. కోతుల బెడద ఉంటే ఇనుప వల చాలు. గదుల ముందరా, కార్లు ఆపే చోటా ఉన్న కొబ్బరిచెట్లకు కాయల దింపు ఒక్కసారి కూడా ఆలస్యం కానివ్వకండి; కాయ రాలి పడితే అద్దె కన్నా కారు అద్దం ఖరీదు ఎక్కువ.

భోజనం విషయంలో గొప్పలకు పోవద్దు. పులస వరద నీటికి ఎదురీదుతూ వచ్చే చేప. ఆ రోజుల్లో కూడా అడిగిన పూట దొరుకుతుందన్న నమ్మకం లేదు, దొరికినా ధర వేలల్లో ఉంటుంది. పులస పేరు చెప్పి మరో చేప వడ్డించే ఇళ్ళ సరసన మీరు చేరవద్దు. పొద్దున పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి వేడివేడిగా పెడితే చాలు.

జూలై నుంచి సెప్టెంబరు వరకు బుకింగులు ఆచితూచి తీసుకోండి. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు; అది వెలువడిన రోజున అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తామని ముందే రాసి ఉంచితే పేచీ ఉండదు. మీ మొత్తం వ్యాపార రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ నమోదు అక్కరలేదు. బుకింగ్ సైట్ల ద్వారా వచ్చేవారి గది అద్దె మీద పన్ను ఆ సైటే కడుతుంది. విదేశీయులు దిగితే మాత్రం వారి వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి.

ఈ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మీరిద్దరూ అక్కడే ఉండి రెండు గదులే నడిపి చూడండి. స్నానాలగదులకు, నీటికి అయ్యేంతవరకే ఇప్పుడు ఖర్చు పెట్టండి. మిగిలిన రెండు గదుల సంగతి మార్చిలో, మంగళవారాల లెక్కతో సహా, మళ్ళీ రాయండి.