బోర్డు డిజైన్ మీద మనసు పడ్డ అబ్బాయి: ఆపాలా, పోనివ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఇంట్లో కంప్యూటర్‌కు ఇయర్‌ఫోన్ పెట్టుకుని మౌస్ కదిపితే చెవిలో సన్నగా గీమని రొద వస్తోందట. పవర్, ప్రాసెసర్, ఆడియో భాగాలను విడివిడి సర్క్యూట్ బోర్డులుగా చేస్తే ఆ నాయిస్ పోతుందని, అలాంటి బోర్డుల డిజైనే తన వృత్తి అని అంటున్నాడు. మేము ఇప్పటికే అమీర్‌పేటలో జావా కోర్సుకు ఫీజు కట్టాం. ఈ రంగంలో ఉద్యోగాలు ఉంటాయా? వాణ్ణి ఆపమంటారా?
ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఆపకండి. కట్టిన జావా కోర్సూ మాన్పించకండి. ప్రోగ్రాము రాయగల హార్డ్‌వేర్ ఇంజినీరుకు బోర్డులను పరీక్షించే చోట ఎప్పుడూ పని ఉంటుంది.

మీ ఉత్తరంలో నాకు నచ్చింది ఆ అబ్బాయి చెవి. అందరూ విని ఊరుకునే రొదకు అతను కారణం వెతికాడు. అయితే అతను చెబుతున్న మందు సగమే సరైనది. ఆ మిగతా సగం నేర్చుకోవడంలోనే అతని భవిష్యత్తు ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, ఇది అతనికి చదివి వినిపించండి.

సర్క్యూట్‌లో బయల్దేరిన ప్రతి కరెంటూ తిరిగి మొదటికి చేరాలి. వేగంగా మారే సిగ్నల్ అయితే దాని తిరుగు కరెంటు గ్రౌండ్ పొరలో, అంటే కరెంటు తిరిగి రావడానికి బోర్డులో పరిచిన రాగి పొరలో, సరిగ్గా ఆ సిగ్నల్ వెళ్లే రాగి గీత కిందనే నడుస్తుంది. ఆడియోను వేరు చేస్తున్నామనుకుని ఆ పొరను మధ్యలో కోసి, కోత మీదుగా గీతలు లాగితే తిరుగు కరెంటు చుట్టూ తిరిగి రావాలి. ఆ చుట్టు యాంటెన్నాగా మారి నాయిస్‌ను వెదజల్లుతుంది. విడి బోర్డుల విషయంలోనూ ఇదే చిక్కు కనెక్టర్ దగ్గర వస్తుంది. ఇరవై పిన్నుల కనెక్టర్‌లో గ్రౌండ్‌కు ఒక్క పిన్నే ఇస్తే, నిండు కల్యాణ మండపానికి ఒకటే తలుపు పెట్టినట్టే. ప్రాసెసర్ కరెంటు ఎగిసిపడినప్పుడల్లా ఆడియో గ్రౌండ్ కూడా కదులుతుంది. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో వేగంగా నడిచే జంట తీగల పక్కన గ్రౌండ్ పిన్నులు అన్నేసి ఉండేది అందుకే.

అంటే మాడ్యూళ్లుగా విడగొట్టడం తప్పని కాదు. కరెంటును వేగంగా ఆపి వదులుతూ నాయిస్ పుట్టించే స్విచింగ్ పవర్ సప్లైని సున్నితమైన ఆడియోకు దూరంగా ఉంచవచ్చు, ఒక్కో బోర్డును విడిగా పరీక్షించవచ్చు, ఒకటి చెడితే దాన్నే మార్చవచ్చు. కరెంటు దారి తెలియకుండా విడగొడితే మాత్రం నాయిస్ పెరగనూ వచ్చు.

ఇంట్లోనే మొదలుపెట్టమనండి. ఇయర్‌ఫోన్‌ను ముందున్న జాక్‌లో కాక, కంప్యూటర్ వెనక మదర్‌బోర్డుకే ఉన్న జాక్‌లో పెట్టి వినాలి. అక్కడ రొద లేకపోతే క్యాబినెట్ లోపల ముందు జాక్‌కు వెళ్లే కేబుల్‌ను మొదట అనుమానించాలి. ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

తర్వాత, బోర్డులు గీయడానికి ఉచితంగా దొరికే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే సర్క్యూట్‌కు రెండు చిన్న బోర్డులు గీయాలి. ఒకదానిలో చిప్ పవర్ పిన్నుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో చిప్‌కు కావాల్సిన కరెంటును చప్పున అందించే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, కింద కోతల్లేని గ్రౌండ్ పొర. రెండోదానిలో అదే కెపాసిటర్‌ను దూరంగా, సన్నటి గీతల చివర పెట్టాలి. విడిభాగాలు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. నమూనాలు తయారుచేసేవారి కోసం రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్‌నూ ఒకసారి చూసి రావాలి.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. వోల్టేజీ మార్పులను తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోప్ ప్రోబ్‌కు (కొలిచే కడ్డీకి) వేలాడే పొడవాటి నల్ల గ్రౌండ్ తీగే నాయిస్‌ను పట్టుకుంటుంది. ప్రోబ్ మొనను దాని గ్రౌండ్ క్లిప్పుకే తగిలించి బోర్డు దగ్గర పట్టుకుంటే, బోర్డును తాకకుండానే తెర మీద ముళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. అవి ఆ తీగ చుట్టులో చేరినవి. తీగ తీసేసి, ప్రోబ్ మొన దగ్గర చిన్న గ్రౌండ్ స్ప్రింగు పెట్టి కొలిస్తేనే రెండు బోర్డుల అసలు తేడా తెలుస్తుంది. ఈ పని మీద సాయంత్రాలకు సాయంత్రాలు కూర్చున్నా విసుగు రాకపోతే అబ్బాయి ఈ రంగానికి పనికొస్తాడు. విసుగొస్తే అదీ మంచిదే, జావా ఉండనే ఉంది.

ఇక ఉద్యోగాలు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఇక్కడ ఉండవు, ఆ మాట దాచను. చిన్న డిజైన్ సంస్థల్లో పీసీబీ లేఅవుట్ ఇంజినీరుగా, అంటే సర్క్యూట్ బోర్డు మీద భాగాలూ గీతలూ అమర్చే వాడిగా, మొదలుపెట్టాల్సి రావచ్చు. కానీ హైదరాబాద్‌లో చదివే వాడికి ఇది చేతికందే రంగమే. 1967 నుంచి ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉంది. ఆర్‌సీఐ, డీఎల్ఆర్ఎల్ వంటి డీఆర్‌డీవో ప్రయోగశాలలు ఉన్నాయి, డీఆర్‌డీవో సైంటిస్ట్ 'బి' నియామకాల్లో గేట్ స్కోరును చూస్తారు. క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్ ఇక్కడ పనిచేస్తున్నాయి, ఏ చిప్‌ను పరీక్షించాలన్నా ముందు ఒక బోర్డు కావాలి. కంప్యూటర్లు వెదజల్లే రేడియో తరంగాలకు సిస్పర్ 32 అనే అంతర్జాతీయ ప్రమాణం హద్దు పెడుతుంది. ఆ పరీక్షలో తప్పిన బోర్డును సరిదిద్దడానికి డబ్బూ, నెలలూ పోతాయి. అందుకే నాయిస్‌ను ముందే ఆపగల మనిషికి అనుభవంతో పాటు విలువ పెరుగుతుంది. సిగ్నల్ ఇంటెగ్రిటీ (సిగ్నల్ చెడకుండా చూడటం), ఈఎంఐ-ఈఎంసీ (ఒక పరికరం నాయిస్ మరోదాన్ని చెడగొట్టకుండా చూడటం) ఇంజినీరు అన్న పేర్లతో ఉద్యోగ ప్రకటనలు వెతకమనండి.

కాలేజీలో విద్యుదయస్కాంత క్షేత్రాలు, ట్రాన్స్‌మిషన్ లైన్లు అన్న పాఠాలను చాలామంది బట్టీపట్టి గట్టెక్కేస్తారు. మీ అబ్బాయి వాటిని వదలకూడదు. బోర్డు మీద సిగ్నల్ నానోసెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు వెళుతుంది, ఈ లెక్క తెలిసినవాడికే ఏ గీత పొడవుకు భయపడాలో తెలుస్తుంది. లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట ఎక్కడుందో మాత్రమే నేర్పే ఖరీదైన కోర్సులకు దయచేసి డబ్బు కట్టకండి.

ఈ సెలవుల్లో ఆ రెండు బోర్డులు పూర్తి చేయించండి. ఆసిల్లోస్కోప్ చిత్రాలు పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకొచ్చిందో ఒక పేజీలో అతని మాటల్లోనే రాసి పంపమనండి. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు దాన్ని ఎలా జతచేయాలో అప్పుడు చెబుతాను.