బీఎంవీబీఎస్ శాఖ ఇప్పుడు లేదు కదా, దాని పేరుతో ఉన్న పాత బ్రిడ్జి కాగితాలు చెల్లుతాయా?

ప్రశ్న: జర్మనీలో ఒక స్ట్రక్చరల్ ఆఫీసులో కొత్తగా చేరాను. నాకిచ్చిన రోడ్డు బ్రిడ్జి ఫైల్లో 2011 నాటి కాగితాలన్నీ కేంద్ర రవాణా, నిర్మాణ శాఖ బీఎంవీబీఎస్ పేరు మీద ఉన్నాయి. అవి చెల్లుతాయా? ఎవర్ని అడగాలి?

జవాబు: శాఖ పోయినంత మాత్రాన అది ఇచ్చిన ఉత్తర్వులు పోవండీ. వాటిని రద్దు చేస్తూ మరొకటి వచ్చేదాకా అమల్లోనే ఉంటాయి. అందుకే లెటర్‌హెడ్‌ని పక్కనపెట్టి, ఏఆర్ఎస్ (రోడ్ల నిర్మాణంపై కేంద్ర శాఖ ఇచ్చే సర్క్యులర్) నంబరు, సంవత్సరం చూసి వెతకండి.

పేర్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. 1998లో రవాణా, నిర్మాణ శాఖలను కలిపి బీఎంవీబీడబ్ల్యూ చేశారు. 2005లో దాన్నే బీఎంవీబీఎస్ అన్నారు. 2013 డిసెంబరులో రెండూ మళ్లీ విడిపోయాయి. రవాణా భాగం బీఎంవీఐ అయింది, 2021లో బీఎండీవీ, 2025 నుంచి బీఎంవీ. నిర్మాణ భాగం ముందు పర్యావరణ శాఖలోకి, 2018లో హోం శాఖలోకి వెళ్లి, 2021 డిసెంబరులో బీఎండబ్ల్యూఎస్‌బీ అనే సొంత శాఖ అయింది.

బ్రిడ్జి అంటే నిర్మాణమే కదా అని చాలామంది ఈ చివరి శాఖకి రాస్తారు, వారాలు వృథా అవుతాయి. అటు వెళ్లింది ఇళ్లు, భవనాలు, పట్టణాభివృద్ధి మాత్రమే. కేంద్ర రహదారుల బ్రిడ్జిలు రవాణా వైపే ఉండిపోయాయి. ఫైలు నంబర్లో ఎస్‌టీబీ అని ఉంటే అది రోడ్ల విభాగానిది.

నిజానికి మీరు కేంద్ర శాఖ దాకా వెళ్లాల్సిన పని చాలా అరుదు. ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. ఆటోబాన్ అయితే 2021 జనవరి 1 నుంచి కేంద్రం సొంత ఆటోబాన్ కంపెనీది. బుండెస్‌ష్ట్రాసె (ఆటోబాన్ కాని కేంద్ర రహదారి) అయితే చాలావరకు ఆ రాష్ట్ర రోడ్ల విభాగం చూస్తుంది. జనాభా 80,000 దాటిన ఊళ్లలో, ఊరి మధ్యలోంచి పోయే ముక్క బాధ్యత మున్సిపాలిటీదే. వాళ్లని బౌవెర్క్స్‌బూఖ్ (బ్రిడ్జి వివరాల రికార్డు పుస్తకం), గత తనిఖీ రిపోర్టులు అడగండి. బ్రిడ్జి తనిఖీలకి జర్మన్ ప్రమాణమైన డీఐఎన్ 1076 ప్రకారం ఆరేళ్లకోసారి పెద్ద తనిఖీ, దాని తర్వాత మూడేళ్లకి చిన్నది జరుగుతుంది. తనిఖీలో బ్రిడ్జి పరిస్థితికి ఇచ్చే మార్కు 1.0 నుంచి 4.0 దాకా ఉంటుంది, అంకె పెరిగే కొద్దీ పరిస్థితి చెడ్డదని. మార్కు బాగుంది కాబట్టి బ్రిడ్జి నేటి లారీలను మోస్తుందనుకోవద్దు. అది కనబడిన లోపాల లెక్క. మోసే సామర్థ్యం విడిగా లెక్కకట్టాల్సిందే.

ఆ లెక్కలోనే అసలు ప్రమాదం ఉంది. 2003 నుంచి 2013 దాకా రోడ్డు బ్రిడ్జిలకి డీఐఎన్ ఫాఖ్‌బెరిష్ట్‌లు అనే జర్మన్ డిజైన్ నియమాలు వాడారు. 2013 మే 1 నుంచి ఏఆర్ఎస్ 22/2012 ద్వారా యూరప్ ఉమ్మడి డిజైన్ ప్రమాణమైన యూరోకోడ్ వచ్చింది. రెండింట్లోనూ వాహనాల భారాన్ని లెక్కించే లోడ్ మోడల్ పేరు ఎల్ఎం1 అనే ఉంటుంది, అంకెలు మాత్రం వేరు. మొదటి లేన్‌లో ఫాఖ్‌బెరిష్ట్ 101 ప్రకారం రెండు ఇరుసులు ఒక్కోటి 240 కిలోన్యూటన్లు, పరచిన భారం చదరపు మీటరుకి 9 కిలోన్యూటన్లు. జర్మన్ జాతీయ అనుబంధంతో యూరోకోడ్‌లో అవే 300, 12. పాత రిపోర్టులో "ఎల్ఎం1కి సరిపోతుంది" అన్న వాక్యాన్ని కొత్త రిపోర్టులోకి అలాగే ఎత్తి రాస్తే సురక్షితం కాని బ్రిడ్జి సురక్షితమైపోతుంది. ఏ ప్రమాణం, ఏ ఎడిషన్ అన్నది ప్రతిసారీ పక్కనే రాయండి.

మీ ఫైల్లో 2011 మే నాటి నాఖ్‌రెష్నుంగ్స్ రిష్ట్‌లీనియె, అంటే పాత బ్రిడ్జిలను తిరిగి లెక్కించే మార్గదర్శకం ఉంటే, దానికి 2015 ఏప్రిల్‌లో మొదటి అనుబంధం వచ్చిందని గుర్తుంచుకోండి. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు (లోపల స్టీలు కేబుళ్లు బిగించిన కాంక్రీటు) బ్రిడ్జిల షియర్ (కోత బలం) నియమాలు అందులో మారాయి. 2011 నాటి లెక్కలో షియర్ తప్పిందని ఉన్నంత మాత్రాన కూల్చేయాలనుకోకండి, తిరిగి లెక్కించండి. లెక్క మొదలెట్టే ముందు కేంద్ర రహదారుల పరిశోధన సంస్థ బీఏఎస్‌టీ సైట్లో ప్రస్తుతం అమల్లో ఉన్న నియమాల జాబితా చూడండి.

బ్రిడ్జి పాతదై, కేబుళ్లు హెన్నిగ్స్‌డోర్ఫ్ స్టీల్ అని ఫైల్లో రాసి ఉంటే మిగతా లెక్కలన్నీ ఆపి ముందు దీని సంగతి చూడండి. ఈ స్టీలు లోపల్లోపలే ఒత్తిడి తుప్పుకి గురై, పైకి ఏ గుర్తూ లేకుండా తెగిపోవచ్చు. 2024 సెప్టెంబరు 11న డ్రెస్డెన్‌లో కరోలా బ్రిడ్జిలో ఒక భాగం కూలింది ఇలాగే. ఇలాంటి స్టీలు పరిశీలనకి 2011లో విడిగా ఒక సూచనల పత్రం వచ్చింది. కేబుళ్లు తెగుతూ పోతే కూలే ముందు కాంక్రీటు మీద పగుళ్లు కనబడతాయా లేదా అన్నదే అందులో ముఖ్యమైన లెక్క. కనబడవని తేలితే బ్రిడ్జి యజమానికి అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి.