పరుగు ఆపాకే పిల్లికూతలు ఎందుకు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది కాకినాడ, ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. డిసెంబరు నుంచి పొద్దున్నే పరిగెత్తుతున్నాను. పరుగులో ఇబ్బంది లేదు. ఆపిన ఐదు, పది నిమిషాలకు ఛాతీ పట్టేసి దగ్గు, పిల్లికూతలు వస్తాయి. గంటలో వాటంతట అవే తగ్గుతాయి. సంక్రాంతికి ఊరెళ్లి సాయంత్రాలు బీచ్ రోడ్డులో అంతే దూరం పరిగెత్తితే ఏమీ కాలేదు. పొడిగాలి పీలిస్తే జంతువుల్లో శ్వాసనాళాలు ముడుచుకుంటాయని చదివాను. నాదీ అదేనా?

జవాబు: అదే అయ్యుండొచ్చు. ఆపాక మొదలై గంటలో సర్దుకోవడం, సముద్రపు గాలిలో రాకపోవడం చూస్తే వ్యాయామం వల్ల శ్వాసనాళాలు బిగుసుకోవడమే అనిపిస్తోంది.

పీల్చిన గాలి ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేసరికి 37 డిగ్రీల వేడి, పూర్తి తేమ సంతరించుకోవాలి. అంటే లీటరుకు దాదాపు 44 మిల్లీగ్రాముల నీరు. బెంగళూరు పొద్దుటి చలిలో 16 డిగ్రీల గాలి తేమతో నిండి ఉన్నా 14 మిల్లీగ్రాములకు మించి మోయలేదు. ఫోనులో తేమ 80 శాతం అని చూసి మోసపోకండి. మిగతా నీరు మీ శ్వాసనాళాల పైపొర ఇచ్చుకోవాల్సిందే. కూర్చున్నప్పుడు నిమిషానికి పీల్చేది ఆరేడు లీటర్ల గాలే కాబట్టి ముక్కు చూసుకుంటుంది. పరుగులో అది 60 లీటర్లు దాటుతుంది, నోరూ తెరుచుకుంటుంది.

నీరు ఆవిరైతే ఆ పైపొరలో ఉప్పు చిక్కబడుతుంది. మాగాయ ముక్కలకు ఉప్పు కలిపితే ఊట దిగుతుంది కదా, అలాగే కణాల్లోంచి నీరు బయటికొస్తుంది. ఆ ఒత్తిడికి అక్కడుండే మాస్ట్ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) హిస్టమిన్, ల్యూకోట్రయీన్ల వంటి రసాయనాలు వదులుతాయి. నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది.

ఇది కుక్కల్లో స్పష్టంగా కనబడింది. సన్నటి గొట్టాన్ని ఒక చిన్న శ్వాసనాళంలోకి దించి పొడిగాలి జోరుగా పంపితే ఆ కొమ్మ బిగుసుకుంది. వెచ్చటి, తేమగాలి పంపితే ఆ ప్రభావం బాగా తగ్గింది. గినీ పందుల్లోనూ మీలాగే వేగపు శ్వాస ఆగాకే బిగుతు ముదురుతుంది. అయితే వాటిలో ప్రధాన పాత్ర నరాలది. మిరపకాయ ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్‌ను ముందే ఇచ్చి ఆ నరాల్లోని రసాయనాలను ఖాళీ చేస్తే బిగుతు బాగా తగ్గింది. మనుషుల్లో మాత్రం మాస్ట్ కణాల పాత్రే ఎక్కువ. కాబట్టి గినీ పందిలో పనిచేసిన మందు మనకూ పనిచేస్తుందని అనుకోవద్దు. (గుంటూరు కారం తింటే తగ్గుతుందా అని ఒకాయన అడిగారు. తగ్గదు.)

గంటలో తగ్గిపోతోందిగా అని వదిలేయకండి. చల్లని పొడిగాలి పీలుస్తూ పరిగెత్తే, అలాస్కాలో మంచుబండ్లు లాగే పందెపు కుక్కల శ్వాసనాళాల్లో వాపు కనబడింది.

గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే మామూలు స్పైరోమెట్రీ మీకు నార్మల్ రావచ్చు. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, ఆపాక అరగంట వరకు ఊదించే పరీక్ష చేయించమనండి. మొదటి సెకనులో ఊదే గాలి పరుగుకు ముందుకన్నా 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే మన అనుమానం నిజమే.

ఈలోగా పది, పదిహేను నిమిషాలు వార్మప్ చేసి పరిగెత్తండి. చలిలో ముక్కూ నోరూ కప్పేలా పల్చటి మఫ్లర్ కట్టుకోండి. చెంబుల కొద్దీ నీళ్లు తాగినా అవి నేరుగా ఆ పొరకు చేరవు. ఇంట్లో రాత్రింబవళ్లు హ్యూమిడిఫయర్ పెడితే బూజు, దుమ్ము పురుగులు పెరిగి అసలు ఆస్తమాకే దారి తీయొచ్చు.

పరుగుకు పావుగంట ముందు పీల్చే ఇన్‌హేలర్ చాలామందికి బాగా పనిచేస్తుంది. అలవాటైపోతుందన్న భయం వద్దు. కానీ బిగుసుకున్న నాళాలను వదులుచేసే సాల్బుటమాల్ ఒక్కదాన్నే రోజూ వాడటానికి నేను ఒప్పుకోను. అంత అవసరం పడితే వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా కావాలి. ఏది, ఎంత అన్నది పరీక్ష చూసి మీ డాక్టరు రాస్తారు.

పరిగెత్తుతుండగానే ఛాతీలో నొప్పి వచ్చి చేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా ఇదంతా పక్కన పెట్టి వెంటనే ఈసీజీ తీయించుకోండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.